జారుతూ పలికే ఆ నాదం థెరమిన్‌దే కావచ్చు

మీరు చెప్పిన పాటలో రెండో చరణానికి ముందు, స్త్రీ గొంతు కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తూ, ఒక స్వరం నుంచి మరో స్వరానికి తెగకుండా జారిపోయే ఆ నాదం వయొలినా, కీబోర్డా అని మీరు అడిగారు. మీ వర్ణనను బట్టి అది థెరమిన్ అని నా అభిప్రాయం. 1920 ప్రాంతంలో రష్యాకు చెందిన లెవ్ థెరమిన్ రూపొందించిన ఈ వాద్యాన్ని తాకకుండానే వాయిస్తారు: నిలువు యాంటెనాకు ఒక చేయి దగ్గరయ్యే కొద్దీ శ్రుతి పెరుగుతుంది, వలయాకారపు యాంటెనాకు రెండో చేయి దగ్గరయ్యే కొద్దీ ధ్వని తగ్గుతుంది. వీణకున్నట్టు మెట్లు గానీ, హార్మోనియానికున్నట్టు మీటలు గానీ లేవు కనుక, స్వరం మారే క్షణంలో వాయించేవారు ధ్వనిని అణచకపోతే మధ్యనున్న శ్రుతులన్నీ వినిపించి తీరతాయి.

అయితే సింథసైజర్‌ (ఎలక్ట్రానిక్ కీబోర్డు వాద్యం)లోని పోర్టమెంటో, అంటే స్వరాన్ని జార్చే సదుపాయంతో దీన్ని బాగానే అనుకరించవచ్చు. నేనే ఒకటి రెండుసార్లు మోసపోయాను. ఆ భాగాన్ని హెడ్‌ఫోన్లతో, సగం వేగంలో వినండి. దీర్ఘస్వరం మీది కంపనం వేగం కొద్దికొద్దిగా మారుతూ ఉంటే అది చేతితో పుట్టించినదని అనుకోవచ్చు. గడియారంలా ఒకే లయలో ఊగుతుంటే సింథసైజర్ అయ్యే అవకాశమే ఎక్కువ. స్వరాన్ని చేరేటప్పుడు వెంట్రుకవాసి తప్పి, వెంటనే సర్దుకోవడం కూడా థెరమిన్ వాదనంలో తరచుగా వినిపిస్తుంది. థెరమిన్ ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది కనుక, అదే నాదంలో రెండు స్వరాలు ఒకేసారి పలికితే మాత్రం, విడివిడిగా రికార్డు చేసి కలిపి ఉంటే తప్ప, నా ఊహ తప్పినట్టే.