మీ ప్రశ్నలు – మా జవాబులు: సామాజిక శాస్త్రం

ప్రశ్న: నేను సోషియాలజీలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. తీవ్రవాదం, సామాజిక ఉద్యమాల మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా నాన్నగారు మాత్రం 'అది పోలీసులు చూసుకునే వ్యవహారం, నీకెందుకు?' అంటున్నారు. దీన్నే నమ్ముకుని జీవితమంతా పనిచేసిన పరిశోధకులు ఉన్నారా? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉన్నారు. వారిలో ఒకరి ప్రయాణం మీ నాన్నగారి సందేహానికి చాలావరకు సమాధానం చెబుతుంది కనుక ఆమె గురించే కాస్త వివరంగా రాస్తున్నాను. ఇటలీ సామాజిక శాస్త్రవేత్త దొనతెల్లా దెల్లా పోర్తా 1956లో సిసిలీలోని కతానియా నగరంలో పుట్టారు. ఆమె చదువుకునే రోజుల్లో ఇటలీ దినపత్రికల నిండా బాంబులు, అపహరణలు, కోర్టు విచారణలే. 1969 డిసెంబరు 12న మిలాన్‌లోని ఒక బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. 1978 మార్చి 16న 'రెడ్ బ్రిగేడ్స్' అనే వామపక్ష సాయుధ సంస్థ మాజీ ప్రధాని అల్దో మోరోను అపహరించి, మే 9న ఆయన శవాన్ని రోమ్ నడిబొడ్డున ఒక చిన్న కారు డిక్కీలో వదిలి వెళ్ళింది. ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఇద్దరు, రెనాతో కుర్చో, మారా కగోల్, ట్రెంటో నగరంలో సోషియాలజీ చదివినవారే. అంటే మీరు చదువుతున్న ఈ శాస్త్రం తన తరగతి గదుల్లోంచే తుపాకీ పట్టి వెళ్ళినవారి గురించి ఆలోచించక తప్పని స్థితి అక్కడ ఏర్పడింది. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ విచక్షణకే వదిలేస్తున్నాను.

1980 నుంచి ఇటలీ ప్రభుత్వం, ఇలాంటి సాయుధ సంస్థలను వదిలి వచ్చి దర్యాప్తుకు సహకరించిన వారికి శిక్ష తగ్గించే చట్టాలు తెచ్చింది. అక్కడి జనం వారిని 'పశ్చాత్తాపపడినవారు' అన్నారు. మన కోర్టు భాషలో అప్రూవర్లు. వారి వాంగ్మూలాలతో కోర్టు దస్త్రాలు గుట్టలుగా పెరిగాయి. దెల్లా పోర్తా ఆ దస్త్రాలను, వాటితో పాటు మాజీ సభ్యుల జీవిత కథనాలను పట్టుకుని కూర్చున్నారు. పోలీసు అధికారి ఆ కాగితాల్లో నేరం ఎవరు చేశారని వెతుకుతాడు. ఆమె మాత్రం ఈ మనిషిని మొదట ఆ గుంపులోకి ఎవరు తీసుకువెళ్ళారని వెతికారు. ఆమె వివరాలు సేకరించిన 1,214 మంది సభ్యుల్లో కనీసం 843 మందికి, చేరేనాటికే లోపల ఒక స్నేహితుడో స్నేహితురాలో ఉన్నారని తేలింది. చాలామందికి ఒక్కరు కాదు, అనేకమంది ఉన్నారు. కొందరికి భార్యో భర్తో, తోబుట్టువో ఉన్నారు. కరపత్రం చదివి మనసు మారి, అపరిచితుల తలుపు తట్టినవారు అరుదు. కళాశాలలో, పేటలో, కార్మిక సంఘంలో కలిసి తిరిగిన మిత్రబృందంలో ఒకరు వెళితే ఆ వెనుక ఇంకొకరు వెళ్ళారు. అజ్ఞాతంలోకి పోయాక బయటి స్నేహాలన్నీ తెగిపోయి లోపలి నలుగురే లోకమయ్యారు. సిద్ధాంతం బిగుసుకోవడం చాలావరకు ఆ తర్వాత జరిగిన పని.

ఆమె 1987లో ఫ్లోరెన్స్ దగ్గరి యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ నుంచి డాక్టరేటు పొందారు. ఎనిమిదేళ్ళ తర్వాత వెలువడిన ఒక గ్రంథంలో ఇటలీని, జర్మనీని పక్కపక్కన పెట్టి పరిశీలించారు. నా దృష్టిలో ఆమె చేసిన అసలైన సాహసం అదే, ఎందుకంటే అందులో ప్రభుత్వం కూడా పరిశోధనాంశమైంది. ఊరేగింపు మీద పోలీసులు ఏ తీరున విరుచుకుపడితే నిరసనకారుల్లో ఎవరి మాట చెల్లుతుంది, శాంతంగా నడుద్దామన్నవారు ఎప్పుడు పక్కకు తప్పుకుంటారు, లాఠీకి రాయి, రాయికి తూటా అంటూ ఇరుపక్షాలూ ఒకదాన్ని చూసి ఒకటి ఎలా నేర్చుకుంటాయి అన్నవి ఆమె వేసుకున్న ప్రశ్నలు. ఆ తర్వాత ఆమె దృష్టి సాయుధ బృందాల దగ్గరే ఆగిపోలేదు. 2001 జులైలో ఇటలీలోని జెనోవాలో ఎనిమిది పెద్ద దేశాల కూటమి జీ-8 సమావేశాలకు వ్యతిరేకంగా జరిగిన నిరసనలు, ప్రపంచీకరణ వ్యతిరేక వేదికలు, ప్రభుత్వ ఖర్చులకు కోత పెట్టే పొదుపు విధానాల మీద తిరగబడిన జనం, ఇలా విస్తరిస్తూ పోయింది. మీరు కూడా ఉద్యమాలు వదిలేసి తీవ్రవాదాన్ని మాత్రమే అంశంగా తీసుకోకండి. పెద్ద ఉద్యమం వాడిపోతున్న చోట మిగిలే చిన్న గుంపుల సంగతి, ఆ ఉద్యమం తెలియకుండా అర్థం కాదు.

ప్రశ్న: హింసను నమ్మినవారి ఎదుట కూర్చుని, వారి కథ ఓపికగా విని రాయడమంటే ఒక రకంగా వారిని సమర్థించినట్టే కదా? పైగా వారు చెప్పేది నిజమని నమ్మడమెలా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానితో అమెరికా సామాజిక శాస్త్రవేత్త కాథ్లీన్ బ్లీ చాలాకాలం పెనుగులాడారు. 1920లలో ఇండియానా రాష్ట్రంలో, తెల్లజాతి ఆధిపత్యం కోసం పనిచేసే కూ క్లక్స్ క్లాన్ అనే సంస్థలో ఉన్న స్త్రీలు ముసలివారై ఉండగా ఆమె వెతికి పట్టుకుని మాట్లాడారు. ద్వేషం కక్కే మనుషులు ఎదురవుతారని వెళ్ళిన ఆమెకు, లోకజ్ఞానం, మాటతీరు ఉన్న మామూలు అవ్వలు కనిపించారు. తమ పాత రోజులను పండుగలా తలచుకున్నారు తప్ప అందులో తప్పేముందో వారికి తోచలేదు. రాక్షసులను చూసి ఉంటే ఆమెకు పని తేలికయ్యేది. ఆ తర్వాత 1990లలో జాత్యహంకార బృందాల్లో అప్పటికింకా చురుకుగా ఉన్న 34 మంది స్త్రీలను కలిసినప్పుడు, వారి నమ్మకాలతో తాను ఏకీభవించనని ముందే చెప్పి మాట్లాడారు. వారిలో చాలామంది ద్వేషం వల్ల బృందంలో చేరలేదని, పరిచయస్థుల ద్వారా చేరాక ద్వేషించడం నేర్చుకున్నారని ఆమె చూపారు. ఇది సమర్థన ఎలా అవుతుంది? రోగం ఎలా సోకిందో రాసుకున్న వైద్యుడిని రోగానికి పక్షపాతి అనము కదా.

నమ్మకం విషయానికొస్తే మీ అనుమానం నూటికి నూరు పాళ్ళూ సబబు. అప్రూవర్ జడ్జి చెవికి ఇంపుగా మాట్లాడతాడు, పాత సభ్యుడు తన యౌవనానికి తానే మెరుగులు దిద్దుకుంటాడు. అందుకే ఒకరి మాటను పదిమంది మాటలతో, కాగితాలతో సరిచూడాలి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది, మన దగ్గర దాన్ని ఎక్కువగా మరిచిపోతాం: వెళ్ళినవారిని మాత్రమే అడిగితే ఏదీ తేలదు, వెళ్ళాలనుకుని ఆగిపోయినవారిని కూడా అడగాలి. 1964 వేసవిలో అమెరికా దక్షిణాదిన ఉన్న మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతివారిని ఓటర్లుగా నమోదు చేయించే శాంతియుత ఉద్యమానికి ఉత్తరాది విద్యార్థులు దరఖాస్తు చేసుకున్నారు. అది ప్రాణాల మీదికి వచ్చే పని. ఆ జూన్‌లోనే ముగ్గురు కార్యకర్తలను చంపేశారు. ఆ పాత దరఖాస్తులు ఏళ్ళ తర్వాత డగ్ మెక్‌ఆడమ్ అనే పరిశోధకుడి చేతికి దొరికాయి. వాటి సాయంతో ఆయన మిసిసిపీకి వెళ్ళిన 720 మందిని, ఎంపికై కూడా వెనక్కి తగ్గిన 239 మందిని పోల్చి చూశారు. ఆశయాల్లో రెండు వర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే ఆ ఫారంలో, ఈ వేసవిలో మీ సమాచారం ఎవరెవరికి తెలియజేయాలో కనీసం పదిమంది పేర్లు రాయండి అని ఒక గడి ఉంది. ప్రచారం కోసం పెట్టిన గడి అది. వెళ్ళినవారు నింపిన గడుల్లో, తమలాగే దరఖాస్తు పెట్టిన దగ్గరి మిత్రుల పేర్లు ఎక్కువగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తర్వాత అడిగితే ఎవరైనా ఆశయం గురించే చెబుతారు. ఆ రోజు నింపిన కాగితం మాత్రం స్నేహితుల పేర్లు చెప్పింది.

ప్రశ్న: 'రాడికలైజేషన్' అన్న మాటకు తెలుగులో సరైన పదమేది? – అనువాదకుడు, హైదరాబాద్

జవాబు: పత్రికలు 'తీవ్రవాదం వైపు మళ్ళడం' అని రాస్తున్నాయి, అది చాలు. 'రాడికల్' అని ఉంచేస్తే ఒక చిక్కు వస్తుంది: యాభై దాటిన తెలుగు పాఠకుడికి ఆ మాట వినగానే 1970లలో పుట్టిన, నక్సలైట్ ఉద్యమానికి చెందిన రాడికల్ విద్యార్థి సంఘం, 'గ్రామాలకు తరలండి' అంటూ సెలవుల్లో పల్లెలకు వెళ్ళిన కుర్రాళ్ళు గుర్తుకొస్తారు, ప్రక్రియ గుర్తుకు రాదు. తెలంగాణ పల్లెల్లో ఇందుకు వాడిన మాట వేరు. ఫలానా వారబ్బాయి తీవ్రవాది అయ్యాడని ఎవరూ అనలేదు, 'అన్నల్లో కలిశాడు' అన్నారు. అందులో సిద్ధాంతం ఊసు లేదు. ఒక చుట్టరికపు పిలుపు, 'కలవడం' అన్న క్రియ, అంతే. పాఠ్యపుస్తకంలో దాన్ని వాడలేరు గానీ, అధస్సూచికలో ఒక వాక్యం రాసి పెట్టండి.