ఇగురంగ అంటే తప్పా?

సందేహం: మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి చదివే మా పాప నీటి పొదుపు వ్యాసంలో ‘బోరు నీళ్లను ఇగురంగ వాడుకోవాలి’ అని రాసింది. వాళ్ల నాయనమ్మ ఎప్పుడూ అనే మాట అది. బడిలో ఆ మాట కొట్టేసి పైన ‘వివేకవంతంగా’ అని దిద్దారు. ‘బుద్ధిగా అంటే అయిపోయేది కదా’ అంటారు మా ఆయన. ఏది రైటు?

సమాధానం: ముందు పాపకు చెప్పండి, ఆమె రాసింది తప్పు కాదని. ఉన్నదాన్ని ఎప్పుడు, ఎంత, ఎట్లా వాడాలో ఎరిగి ఉండటమే ఇగురం. అందులో కొంత పొదుపు, కొంత ఒడుపు, కొంత ముందుచూపు. తక్కువ జీతంలో ఇల్లు గడుపుకొచ్చే ఆమెను ‘ఇగురం తెలిసిన మనిషి’ అంటాం. పైసలుండీ ఆగం చేసుకునేవాడు ‘ఇగురం లేనోడు’. సన్నగా పోసే బోరుతో బత్తాయి తోటను ఎండాకాలం దాటించే నల్లగొండ రైతు పనికి ఇంతకంటే సరిపోయే మాట నాకు తోచదు. (కోస్తా పాఠకులు కోడి ఇగురును తలుచుకోవద్దు. అది నీరు ఇంకిపోయే ఇగురు, దీని దారి వేరు.)

‘వినినంతనె వేగపడక వివరింపదగున్’ అన్న సుమతీ శతకం పద్యం పాప చదివే ఉంటుంది. అక్కడ వివరించడమంటే ఎవరికో విడమరిచి చెప్పడం కాదు, ఏది కల్లో ఏది నిజమో వేరు చేసి చూసుకోవడం. వివేకం అన్న సంస్కృత మాటకూ మూలంలో ఉన్నది ఈ వేరు చేయడమే. పాలనూ నీళ్లనూ విడదీసే హంసను వివేకానికి గుర్తుగా చెప్పుకోవడం అందుకే. వివరం పల్లె నోట ఇవరం అవుతుంది కదా. ఇగురం దానికి దగ్గరి చుట్టమేనని నాకనిపిస్తుంది.

ఇక ‘వివేకవంతంగా’. తప్పనను. ‘విజయవంతంగా’ను ఇంట్లోకి రానిచ్చినవాళ్లం దీన్ని గుమ్మం బయట ఎట్లా నిలబెడతాం? కానీ ‘వివేకంతో’ అంటే సరిపోయేచోట ఆ వంతం బరువెందుకు? ఒక్కోసారి అది అర్థాన్నే మార్చేస్తుంది కూడా. తలుపు బలంగా నెట్టడం వేరు, మనిషిని బలవంతంగా నెట్టడం వేరు.

మీవారి ‘బుద్ధిగా’ మాత్రం ఇక్కడ కుదరదు. బుద్ధి ఎంత పెద్ద మాటైనా, గా చేరేసరికి చెప్పినట్టు వినడం దగ్గర ఆగిపోతుంది. ‘బుద్ధిగా కూర్చో’ అంటాం. నీళ్లు బుద్ధిగా వాడటమంటే నల్లా ముందు చేతులు కట్టుకొని నిలబడ్డట్టుంటుంది. ‘తెలివిగా’ రాయవచ్చు కానీ దానికి రెండువైపులా పదును. ‘తెలివిగా తప్పించుకున్నాడు’ అంటే మెచ్చుకోలో దెప్పిపొడుపో గొంతును బట్టి తెలియాలి. ‘లౌక్యంగా’ మనుషులతో మెలిగేటప్పటి మాట, నీళ్ల దగ్గర దానికి పని లేదు.

మన దగ్గర ‘ఉషారు’ ఒకటుంది. ఉర్దూ హోషియార్ నుంచి వచ్చింది. ‘పోరడు ఉషారున్నడు’ అంటే చురుకైనవాడు, మోసపోనివాడు అని. గుంటూరు వైపు ‘హుషారుగా’ అంటే ఉత్సాహంగా అని. పట్నం పోయే కొడుకుకు పాలమూరు తల్లి ‘ఉషారుగుండు బిడ్డా’ అని జాగ్రత్త చెబితే, అటువైపు చెవికి సంబరంగా ఉండమన్నట్టు వినిపించవచ్చు.

గా ఎక్కడ, తో ఎక్కడ అని కూడా అడుగుతారేమో. ‘తెలివైన’ అనగలం కాబట్టి తెలివిగా అంటాం. ‘విజ్ఞతైన’ అనలేం, కాబట్టి విజ్ఞతతో, విచక్షణతో. ఈ కొలతకు ‘బుద్ధిగా’ లొంగదు, అది మొండిది.

అసలు ఇలాంటి చోట తెలుగువాడు నామవాచకానికి గా తగిలించడం కంటే క్రియనే ఎక్కువ నమ్ముకుంటాడు. ఆలోచించి, ఆచితూచి, వెనకా ముందూ చూసుకొని. నాయనమ్మనే అడిగి చూడండి, ‘జర సోంచాయించి వాడుండ్రి’ అంటుంది.

పరీక్షలో రాసేటప్పుడు మాత్రం పాపను ‘ఇగురంగా’ అని చివర దీర్ఘం ఇవ్వమనండి. అక్కడ దిద్దవలసింది అంతే.