సర్వర్ రాయనని మొండికేస్తే...

ప్రశ్న: మా షాపు బిల్లింగ్ సర్వర్ డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది. మొన్న ఉదయం ఉన్నట్టుండి 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అంటూ ఒక్క బిల్లూ సేవ్ కాలేదు. రీబూట్ చేశాక మామూలైపోయింది. ఎర్రర్ వచ్చినా ఆగకుండా 'కంటిన్యూ' అని సెట్ చేసెయ్యమంటున్నాడు మిత్రుడు. చెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వద్దండి. కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే టెన్షన్ పడటం సహజమే. కానీ ఆ పూట సర్వర్ రాయడం మానేసి మీ డేటాను కాపాడింది. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసుకునే పట్టికల్లో తేడా కనబడితే ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో డిస్కు మీది ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫైల్ సిస్టమ్ మూడింట్లో ఒకటి చేస్తుంది. చూసీచూడనట్టు పోవడం కంటిన్యూ. చదవనిచ్చి రాయనివ్వకపోవడం రిమౌంట్-ఆర్ఓ. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌నే ఆపెయ్యడం పానిక్. కంటిన్యూ పెడితే, తప్పుడు పట్టికను నమ్మి కొత్త బిల్లును పాత బిల్లు మీదే రాసెయ్యొచ్చు. అది నెలాఖరు లెక్కల్లో బయటపడేసరికి మీ బ్యాకప్‌ల నిండా పాడైన డేటాయే ఉంటుంది.

మీరు చూసుకోవాల్సింది ఇంకోటుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో (ఏ పార్టిషన్‌ను ఎలా వాడాలో చెప్పే జాబితా) రిమౌంట్-ఆర్ఓ అని రూట్ పార్టిషన్‌కే, అంటే సిస్టమ్ ఉండే డిస్కు భాగానికే రాస్తుంది. డేటాబేస్ వేరే పార్టిషన్‌లో ఉంటే, అది సూపర్‌బ్లాక్‌లో (ఆ ఫైల్ సిస్టమ్ తన వివరాలు రాసుకునే చోటు) ఉన్న సెట్టింగ్ ప్రకారం నడుస్తుంది. అక్కడ తరచూ ఉండేది కంటిన్యూయే! డంప్‌ఈ2ఎఫ్ఎస్ కమాండ్‌ను మైనస్ హెచ్‌తో ఇస్తే 'ఎర్రర్స్ బిహేవియర్' అనే లైన్ కనిపిస్తుంది. ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌కు మైనస్ ఇ ఇచ్చి దాన్ని రిమౌంట్-ఆర్ఓగా మార్చుకోవచ్చు.

పానిక్ జోలికి మీరు పోనక్కర్లేదు. ఒకటి పడిపోతే పని అందుకునే రెండో సర్వర్ ఉన్నవాళ్లకు అది. వాళ్లయినా కెర్నల్ డాట్ పానిక్ అనే సెట్టింగ్ విలువను 10 అని పెట్టుకుంటే పది సెకన్లకు రీబూట్ అవుతుంది. సున్నా ఉంటే అలాగే బిగుసుకుపోయి కూర్చుంటుంది.

ఇక రీబూట్ సంగతి. లాగ్ కూడా ఆ పార్టిషన్‌లోనే ఉంటే, రాయలేని స్థితిలో అదీ పడదు. అప్పుడు కారణం మెమరీలోనే, డీమెసేజ్ కమాండ్ చూపించే కెర్నల్ సందేశాల్లో ఉంటుంది. అలాగైతే రీబూట్‌తో మీరు దాన్ని చేజేతులా తుడిచేసినట్టే. ఈసారి ముందు డీమెసేజ్‌ను ఫొటో తీసుకోండి. అంతకన్నా ముందు, ఈ రోజే, డేటాను వేరే డిస్కులోకి కాపీ చేసి, స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో డిస్కు ఆరోగ్యం చూడండి. పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేకపోతున్న డిస్కు ముక్కలు) కనబడితే ఇక సెట్టింగులతో పని లేదు, కొత్త డిస్కు కొనాల్సిందే.