ఇంజెక్టర్లు మార్చే ముందు పంపు సీలు చూడండి

లారీ ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలుస్తోంది, షెడ్డులో ఆరు ఇంజెక్టర్లూ (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) మార్చమంటున్నారు, మార్చాలా అని అడిగారు. మార్చకండి. డీజిల్ ఎక్కడి నుంచి దిగుతోందో ముందు మీ కళ్లకు చూపించమనండి.

మా ట్రైలర్ విశాఖ పోర్టు నుంచి కంటైనర్లు మోస్తుంది. "ఈ బండి ఆయిల్ తాగదండీ" అని డ్రైవర్ సంబరపడేవాడు. ఒకరోజు గేజి లాగి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే జిగురే లేదు, డీజిల్ వాసన గుప్పుమంది. ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడిపోయేది. గాజువాక వైపు ఒక షెడ్డులో ఇంజెక్టర్లన్నీ మార్చి, కొత్త ఆయిల్ పోసి పంపారు. కొన్ని లోడ్లు తిరిగేసరికి ఆయిల్ మళ్లీ పెరిగింది.

అప్పుడు ఒక పెద్ద మేస్త్రీ చేసిన పని చెబుతాను. ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ తీసి, డీజిల్‌ను చేత్తో తోసే హ్యాండ్ పంపు కొట్టించారు. ఇంజెక్టర్ల దగ్గర చుక్క తడి లేదు. తర్వాత ఇంజెక్టర్లకు డీజిల్ తోసే హైప్రెషర్ పంపు బోల్టులు విప్పి, డీజిల్ పైపులు అలాగే ఉంచి, పంపును బయటికి లాగి మళ్లీ కొట్టమన్నారు. షాఫ్ట్ మొదట్లో సీలు అంచున చుక్క ఊరింది, లావైంది, జారింది. డీజిల్ అటునుంచి గేర్లుండే టైమింగ్ కేసులోకి, అక్కడి నుంచి ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతోందన్నమాట. సీలు ఖరీదు ఒక ఇంజెక్టర్ ధరకు దరిదాపుల్లో కూడా లేదు. ఇంజెక్టర్ల మీద అంత ప్రేమ దేనికో షెడ్డువాళ్లే చెప్పాలి. నా లెక్కలో పాత బండికి పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు పంపుదే.

మీది 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) బండి అయితే ఇంకో సంగతి. పొగగొట్టం దారిలో ఉండే ఫిల్టర్‌లోని మసి కాల్చడానికి కొన్ని ఇంజిన్లు సిలిండర్‌లోకే ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్ముతాయి. ఆ పని మధ్యలో ఆగుతూ ఉంటే సిలిండర్ గోడల వెంట డీజిల్ ఆయిల్‌లోకి జారుతుంది. లోడు కోసం గేటు ముందు గంటల తరబడి నిలబెడితే జరిగేది ఇదే. నిలువ నీడ ఉండదు, ఈ ఉక్కపోతలో డ్రైవర్ ఏసీ కోసం ఇంజిన్ ఆపడు. అతన్ని ఏమనగలం? నష్టం మాత్రం యజమానిది.

తేలేవరకు బండి తిప్పకండి. పలచబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా పరుగెడుతుంది. అనుమానం ఉంటే నమూనా ల్యాబ్‌కు పంపండి. 15డబ్ల్యూ-40 కొత్త ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర కనీసం 12.5 సెంటీస్టోక్స్ ఉంటుంది. మీది అంతకు బాగా తక్కువ వస్తే, ఆ కాగితం పట్టుకుని షెడ్డుకు వెళ్లి ముందు పంపు విప్పమనండి.