మీరు నలిపింది చీమను కాదండీ

ప్రశ్న: భీమిలి దగ్గర మాకు 40 కొబ్బరి చెట్లున్నాయి, హుద్‌హుద్‌ తుపానుకి పడగా మిగిలినవి. కింది మట్టలు నిప్పు సెగ తగిలినట్టు ఎండిపోతున్నాయి. నల్లతల గొంగళి పురుగు అన్నారు, ఆ పురుగు మీద పెరిగి దాన్ని చంపే బదనిక కీటకాలని చెప్పి చిన్న గొట్టాలు ఇచ్చారు. పది రోజుల క్రితం రెండు గొట్టాలు వదిలాను. నిన్న ఆకు తిప్పి చూస్తే పురుగు కదలకుండా పడి ఉంది, దాని ఒంటి నిండా నూకల్లాంటివి, మీద ఒక నల్ల చీమ. అన్నీ కలిపి నలిపేశాను. మందు కొట్టాలా? మిగతా గొట్టాలు చెట్టెక్కి మొవ్వులో వదలాలా? చిన్నపిల్లలున్నారు, కుడతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యో, అది చీమ కాదండీ, మీరు వదిలిన బదనికే! గోనియోజస్ అంటారు, కందిరీగల జాతిదే, కాకపోతే మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి ఎవరైనా చీమే అనుకుంటారు. ఆ నూకలు దాని పిల్లలు.

నల్లతల పురుగు ఆకు అడుగున తన రెట్టనే పట్టుదారంతో అల్లి సొరంగం కట్టుకుని, లోపల కూర్చుని పచ్చదనం గీకి తింటుంది. ఆడ గోనియోజస్ ఆ సొరంగంలోకి దూరి పురుగును కుడుతుంది. పురుగు చావదు, పక్షవాతం వచ్చినట్టు పడి ఉంటుంది, కాబట్టి కుళ్లకుండా పిల్లలకు తాజా తిండిగా పనికొస్తుంది. తర్వాత దాని ఒంటి మీద వరసగా గుడ్లు పెడుతుంది, అదీ పురుగు సైజు చూసుకుని, పెద్దదైతే ఎక్కువ, చిన్నదైతే తక్కువ. చాలా బదనికలు గుడ్డు పెట్టి వెళ్లిపోతాయి, ఇది మాత్రం పిల్లల దగ్గరే కాపలా ఉంటుంది, ఎందుకంటే ఇంకో ఆడ గోనియోజస్ వస్తే ఆ గుడ్లను నాశనం చేసి తనవి పెట్టేస్తుంది. ఆ పురుగు కోసం రెండూ కొట్టుకుంటాయి కూడా! సుమారు రెండు వారాల్లో కొత్త తరం బయటికొస్తుంది, దాంట్లో దాదాపు అన్నీ ఆడవే, గూటికి ఒకటో రెండో మగవి. మనకు కావలసిందీ అదే, పురుగును కుట్టేది ఆడదే కదా.

అంటే పది రోజులకే మీ తోటలో పని మొదలైంది. ఇప్పుడు మందు కొడితే ముందు చచ్చేది ఇవే, సొరంగంలో దాక్కున్న గొంగళి కాదు. ఇప్పటికే ఏదైనా కొట్టి ఉంటే మూడు వారాలు ఆగి మిగతావి వదలండి.

చెట్టెక్కకండి. మొవ్వులో సాలీళ్లు, పురుగుల్ని వేటాడే నల్లులు ఉంటాయి, వదిలినవి వదిలినట్టే తినేస్తాయి. సాయంత్రం చల్లబడ్డాక కింద, మొదలు దగ్గర మూత తీస్తే చాలు, అవే ఎగిరి పైకి పోతాయి. చీమలు పాకే చెట్టు కింద మాత్రం పెట్టొద్దు. ఎకరాకు 1,200 దాకా చెబుతారు, ఎకరాకు సుమారు 70 చెట్లనుకుంటే మీ 40 చెట్లకు ఓ 700 కావాలి, కాబట్టి గొట్టానికి ఎన్ని ఉన్నాయో ఇచ్చినవాళ్లనే అడగండి. పదిహేను రోజుల ఎడంతో ఇంకో రెండు మూడు విడతలు వదలాలి. వదిలేవరకు గొట్టంలో ఒక చుక్క తేనె ఉండేలా చూడండి, అదే వాటి తిండి.

పిల్లల సంగతికొస్తే, ఇది ఇంటి చూరుకు గూడు కట్టి మీద పడే కందిరీగ లాంటిది కాదు, మనుషుల జోలికి రాదు. నా చేతి మీద ఎన్నిసార్లు పాకాయో, ఒక్కటీ కుట్టలేదు.

ఇంకో మాట. మీ చెట్ల మీద ఇదొక్కటే ఉండదు. బ్రాకాన్ అనే ఇంకో బదనిక కూడా గొంగళి మీదే పడుతుంది, బ్రాకిమేరియా అనే లావు తొడల కందిరీగ ప్యూపాలో, అంటే గొంగళి చిలుకగా మారే ముందు ఉండే గూటి దశలో, గుడ్డు పెడుతుంది. చెరుకులో బదనికల కార్డులు కడతారే, ఆ ట్రైకోగ్రామా అయితే పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ప్యూపాకు చిన్న గుండ్రటి రంధ్రం కనిపిస్తే అందులోంచి బదనిక బయటికొచ్చినట్టే, అందుకని ప్యూపాలనూ నలపకండి.

బాగా ఎండిన అడుగు మట్టలు నాలుగైదు నరికి కాల్చొచ్చు, కానీ తర్వాతి విడత వదలకముందే, ఈ నూకల్లాంటివి ఉన్న ఆకులు తీసి పక్కన పెట్టాకే. ఎండిన మట్ట ఎలాగూ మళ్లీ పచ్చబడదు, దాన్ని చూసి బదనికలు పనిచేయలేదనుకోవద్దు. నెలకో కొత్త మట్ట విచ్చుకుంటుంది కదా, దాని అడుగున సొరంగాలు ఉన్నాయో లేవో చూస్తూ ఉండండి.