పదో వచనం

ఒంగోలు,
శనివారం రాత్రి

చిట్టితల్లికి పెద్దమ్మ దీవెనలు.

మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఆదివారం ఆరాధన అయ్యాక క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళి, మంచాల పక్కన కూర్చుని రోగులకు దేవుని వాగ్దానాలు చదివి వినిపిస్తావట. ఫోను పెట్టేసి చాలాసేపు వరండాలో కూర్చున్నాను. మా ఇంటి పిల్ల ఒకతె మళ్ళీ వార్డులో అడుగుపెడుతోందని పొంగిపోయాను. కాసేపటికి గుండెల్లో రాయి పడింది. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా పనిచేసిన దాన్ని, వార్డు అంటే ఏమిటో నాకు తెలుసు. ఫోనులో చెబితే మధ్యలో "సరే పెద్దమ్మా, సరే" అంటావు. అందుకే రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు. వార్డు ఇన్‌ఛార్జి సిస్టరును అడగకుండా లోపలికి వెళ్ళకు. జలుబు, దగ్గు ఉన్న రోజు అసలే వెళ్ళకు. కీమో ఎక్కించుకునేవాళ్ళకు తెల్ల కణాలు పడిపోతాయి, నీకు తుమ్ముతో పోయేది వాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది. ప్రతి మంచానికీ చేతులు కడుక్కో. రోగి "చదవమ్మా" అంటేనే బైబిలు తెరువు. వేరే మతంవాళ్ళయితే, వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప బైబిలు సంచిలోనే ఉండనివ్వు. వాళ్ళకు కావలసింది పక్కన ఓ మనిషి. మంచం మీద కూర్చోకు, స్టూలు అడుగు. ఫోటోలు తియ్యకు. మీ సంఘంలో ఎవరైనా తీస్తుంటే ఫోను లాక్కో, పెద్దమ్మ చెప్పిందని చెప్పు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ప్రార్థన చేశాం కాబట్టి మందులు ఆపెయ్యమని నీతో వచ్చినవాళ్ళలో ఎవరైనా గొణిగితే ఆ క్షణమే అడ్డుపడు. చావు జబ్బులో పడ్డ హిజ్కియా రాజుకు ఇంకో పదిహేనేళ్ళ ఆయుష్షు ఇస్తానన్నది దేవుడే. ఆ కబురు మోసుకొచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. రెండో రాజుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయం, చూసుకో. మాట వచ్చింది కదా అని కట్టు కట్టడం మానలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకు కూడా సగమే తెలుసు.

1984. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు, ఒక పెద్ద ఆసుపత్రిలో పిల్లల వార్డు. అంతకుముందు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలోంచి తీసుకున్న వాగ్దాన కార్డు, కొత్త ఏడాదికి దేవుడి మాటగా ఒక బైబిలు వచనం అచ్చువేసినది, నా యూనిఫారం జేబులోనే ఉండేది. గులాబీ రంగు అట్ట, మూలన పావురం బొమ్మ. యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." నువ్వు కూడా ఏటేటా ఇలాంటి కార్డు తీసి ఫోటో పంపిస్తావుగా, అలాంటిదే.

ఆగస్టులో ఒకామె ఆరేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. పిల్లవాడికి రక్త క్యాన్సర్. ఊళ్ళో నాట్లు సాగుతున్నాయి. ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళనూ పొలాన్నీ చూసుకుంటూ భర్త అక్కడే ఉండిపోయాడు. పిల్లవాడికి జ్వరం తగ్గడం లేదు, చిగుళ్ళ నుంచి రక్తం. డాక్టరు కేసు షీటులో ఏం రాశాడో నేను చదివాను. ఒక రాత్రి రెండు గంటలప్పుడు నేను సెలైను సరిచేస్తుంటే ఆమె దుప్పటి అంచును వేళ్ళతో చుడుతూ అడిగింది: "సిస్టరమ్మా, మావాడు లేస్తాడా?"

తెలియదని చెప్పవచ్చు. డాక్టరుగారిని అడుగుదాం రమ్మని తీసుకెళ్ళవచ్చు. ఏమీ అనకుండా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోవచ్చు. నేను జేబులోంచి కార్డు తీశాను. "ఇది దేవుడు నీ కొడుక్కి ఇచ్చిన మాట, హాని జరగదని రాసి ఉంది" అన్నాను. ఆమెకు చదువు రాదు. హాని అనే మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని మీద బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కింది. తరువాత కార్డును దిండు గలీబులోకి జాగ్రత్తగా దోపింది.

రెండు రోజులకు డాక్టరు వచ్చి, తండ్రికి కబురు పంపించమన్నాడు. ఎందుకు పంపించమంటారో నీకు చెప్పనక్కర్లేదు. ఆమె ఎంత నెమ్మదిగా అందో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది: "అక్కర్లేదు బాబూ, నాట్లు ఆగిపోతాయి. సిస్టరమ్మ దేవుడి మాట ఇచ్చింది." నేను సిరంజిల ట్రే పట్టుకుని రెండడుగుల దూరంలో ఉన్నాను. విన్నాను. నోరు తెరవలేదు.

మూడో రోజు తెల్లవారుజామున పిల్లవాడు పోయాడు. తండ్రి సాయంత్రానికి వచ్చాడు. పిక్కల దాకా బురద ఎండిపోయి ఉంది. "నన్ను అడిగాడా?" అన్నాడు. "అడిగాడు" అంది ఆమె.

వెళ్ళేటప్పుడు నా దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. కార్డు నా చేతిలో పెట్టి, "ఉంచుకోండమ్మా, మీకు పనికొస్తుంది" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అంది.

ఆ కార్డు ఎందుకిచ్చానో నాకు తేలడానికి చాలా కాలం పట్టింది. అది ఆమె కోసం ఇచ్చింది కాదు. ఆ ప్రశ్న ముందు నిలబడలేక, ఇంకో నిమిషం ఆమె ముఖంలోకి చూడలేక, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తప్పించుకున్నాను.

రెండేళ్ళ పాటు నా కోసమని బైబిలు తెరవలేదు. గుడికి వెళ్ళేదాన్ని, పాడేదాన్ని, అంతే. ఒక రాత్రి డ్యూటీలో మాత్రం యిర్మీయా ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అధ్యాయాలు వరుసగా చదివాను. అప్పటిదాకా నాకు తెలిసిన యిర్మీయా అంతా ఆ కార్డు మీద పట్టినంతే. ఇరవై తొమ్మిదో అధ్యాయం ఒక ఉత్తరం తల్లీ. యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి బబులోనులో బందీలుగా ఉన్నవాళ్ళకు రాసిన ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి అంటుంది. పదో వచనం చూడు. డెబ్బై ఏళ్ళు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానంటున్నాడు దేవుడు. డెబ్బై! ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగివచ్చే దారి చూడకుండానే పోతారు. ఆ పదో వచనం తరువాత వస్తుంది, మనం కార్డుల మీద అచ్చువేసుకునే పదకొండోది. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనేవాడు నిలబడి, రెండేళ్ళలో అంతా వెనక్కి వచ్చేస్తుందని దేవుడి పేరున చెప్పాడు. వినేవాళ్ళకు అది ఎంత హాయిగా ఉండి ఉంటుందో. అతని మాట నిజం కాలేదు.

ఆ ఆగస్టు రాత్రి నేను ఆమెకు యిర్మీయా మాట చదివాననే అనుకున్నాను. చెప్పింది హనన్యా మాట.

అందుకే అడుగుతున్నాను, వార్డులోకి ఏ వచనం తీసుకెళ్ళినా దాని పైనున్నదీ కిందనున్నదీ ఇంట్లో చదువుకుని వెళ్ళు. ఎవరికి చెప్పారు, అప్పుడు వాళ్ళు ఎక్కడున్నారు, అది కూడా చదువు. దేవాలయ శిఖరం మీద సాతాను యేసు ముందు ఎత్తింది కూడా వాగ్దానమే, దూతలు నిన్ను కాపాడతారనే తొంభై ఒకటో కీర్తన. అదే కీర్తనను నువ్వు ఒక తల్లి చేతిలో పెట్టబోతావు. కాబట్టి దేవుడు ఇచ్చినదాని కంటే ఒక్క గోరంత కూడా ఎక్కువ ఇవ్వకు. "లేస్తాడా?" అని నిన్నూ అడుగుతారు. మొదటి ఆదివారమే అడుగుతారు. "నాకు తెలియదమ్మా, నేను ఇక్కడే కూర్చుంటాను" అను. ఇది అనడం ఎంత కష్టమో అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది.

మరి ఏం చదవాలి అంటావు. ఇరవై మూడో కీర్తనతో మొదలుపెట్టు, అందరికీ వస్తుంది కదా అని తీసిపారెయ్యకు. వందలసార్లు పైకి చదివాక నాకొకటి కనబడింది. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుణ్ణి ఆయన, ఆయన అంటాడు. పచ్చిక, నీళ్ళు, నీతిమార్గాలు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ వస్తుంది. అక్కడ మాట మారుతుంది, "నీవు నాకు తోడై యుందువు." లోయలోకి దిగాక ఆయన కాస్తా నీవు అయ్యాడు. లోయ ఉండదని ఆ కీర్తన ఎక్కడా అనదు. నేను నొప్పి మందు ఇచ్చి, అది పనిచేసే లోపల ఈ నాలుగో వచనం చదివేదాన్ని. నెమ్మదిగా, రెండుసార్లు.

యెషయా 40:31 కూడా బాగుంటుంది. "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు." పక్షిరాజుల్లా ఎగరడం ముందుంటుంది, తరువాత పరుగెత్తడం, ఆఖరున "సొమ్మసిల్లక నడిచిపోవుదురు." కుర్రకారుకు ఎగరడం నచ్చుతుంది. వార్డులో బాత్రూము దాకా గోడ పట్టుకోకుండా నడిచి వచ్చినవాడికి ఆ ఆఖరి మాట ఎంత తీపో అడుగు. ఏడవాలనిపించినవాళ్ళకు ఎనభై ఎనిమిదో కీర్తన. అది చీకట్లోనే మొదలై చీకట్లోనే ముగుస్తుంది, పాస్టర్లు ప్రసంగానికి పెద్దగా తియ్యరు. ఒక రిటైర్డు మేష్టారు నాతో దాన్నే మూడు రాత్రులు చదివించుకున్నాడు. "ఇది కూడా బైబిల్లో ఉందా? అయితే నా మాటా వింటాడన్నమాట" అన్నాడు.

మనవాళ్ళ బైబిల్లో ఆశకు బదులు నిరీక్షణ అని ఉంటుంది గమనించావా? బయట నిరీక్షణ అంటే ఎదురుచూడడం. నా చిన్నప్పుడు అది పాత తెలుగులే అనుకునేదాన్ని. ఇప్పుడు అంతకంటే సరైన మాట దొరకదనిపిస్తుంది. మన ఒంగోలు ప్రార్థన కొండ సంగతి నీకు తెలుసుగా. 1854 జనవరి ఒకటిన తెల్లవారకముందే మిషనరీ జూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ మనిషి, క్లౌ దొర, వచ్చేసరికి 1866. ఆ తరువాత 1876-78 కరువు వచ్చింది. ఆయన బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వించే పని ఒప్పుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, ఆ పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. మా అమ్మమ్మ వాళ్ళ నాన్నమ్మ ఆ కాలువలో మట్టి తట్ట మోసిందని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ముందు కూలి డబ్బులు, వాక్యం ఆ తరువాత అట. 1878 జూలై మూడున గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం పొందారు. సభల్లో అందరూ ఆ అంకె చెబుతారు. నాకు ఆ పన్నెండేళ్ళూ, ఆ మట్టి తట్టా గుర్తుకొస్తాయి.

కాబట్టి ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకెళ్ళు. రోగి పక్కన ఉండే మనిషిని అన్నం తిన్నావా అని అడుగు. పొద్దుటి నుంచి టీతోనే గడుపుతున్నవాళ్ళు ఉంటారు. అలాంటివాళ్ళు కింద క్యాంటీనుకు వెళ్ళివచ్చేదాకా నువ్వు మంచం దగ్గర కూర్చో. ఆ రోజు ఒక్క వచనం చదవకపోయినా ఫరవాలేదు. కష్టాల్లో ఉన్న యోబును చూడడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు. నోళ్ళు తెరిచాకే చెడగొట్టారు.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఇందాకటి నుంచి తటపటాయిస్తున్నాను. మీ నాన్న పోయి వచ్చే నెలకు రెండేళ్ళు. నువ్వు ఏడవగా నేను చూడలేదు. ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్ళు, దేవుడు మంచివాళ్ళను ముందే పిలుచుకుంటాడన్నారు. నువ్వు తల ఊపుతూ అందరికీ మంచినీళ్ళు ఇస్తూ తిరిగావు. ఆ మాట బైబిల్లో ఎక్కడా లేదు. అప్పుడే చెప్పవలసింది, చెప్పలేదు, నాదే తప్పు. నువ్వు ఆ వార్డుకు వాళ్ళ కోసం వెళుతున్నావో, మీ నాన్న మంచం దగ్గర మిగిలిపోయిన మాటేదో వెతుక్కోవడానికి వెళుతున్నావో నాకు తెలియదు. రెండోదైనా వెళ్ళు, తప్పు లేదు. కాకపోతే అది నీకు తెలిసి ఉండాలి. లేకపోతే అక్కడి ముసలివాళ్ళందరూ మీ నాన్నలే అయిపోతారు, ఒక్కొక్కరు పోయినప్పుడల్లా నువ్వు మళ్ళీ మంచినీళ్ళు ఇస్తూ తిరుగుతావు. వార్డులో కన్నీళ్ళొస్తే మెట్ల దగ్గరికి వెళ్ళి ఏడువు. అన్ని ఆసుపత్రుల్లోనూ నర్సులు అక్కడే ఏడుస్తారు.

మీ నాన్న బైబిలు తీసుకెళ్ళకు. అక్షరాలు మరీ చిన్నవి, వార్డు లైట్ల కింద కనబడవు. పెద్దక్షరాలది కొరియరులో పంపిస్తున్నాను. అందులో గులాబీ రంగు కార్డు ఉంటుంది, పారెయ్యకు. యిర్మీయా ఇరవై తొమ్మిది దగ్గరే పెట్టాను.

ఆదివారం ఆసుపత్రి నుంచి బయటపడగానే ఫోను చెయ్యి. చీకటి పడితే బస్సు కోసం చూడకు, ఆటో మాట్లాడుకో, డబ్బులు నేనిస్తాను. పది దాటినా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ