ఆ పేరు ఎవరిని పిలుస్తోంది? క్రిప్టో పేర్ల గురించి ఒక యువ రచయితకు లేఖ

బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

క్రిప్టో ప్రాజెక్టుల పేర్ల మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. చాలా సమాచారం సేకరించావు, సంతోషం. అయితే పేర్లను వరుసగా పేర్చుకుంటూ పోయావే తప్ప, ఒక్కో పేరు ఎవరి చెవిన పడాలని పెట్టారో ఎక్కడా అడగలేదు. ఈ విషయం మీద రాసేవాళ్లు మొదట వేసుకోవలసిన ప్రశ్న అదేనని నా గట్టి నమ్మకం.

2009లో బిట్‌కాయిన్ మొదలయ్యాక వచ్చిన లైట్‌కాయిన్, పీర్‌కాయిన్ వంటి పేర్లు ఇవి కూడా డబ్బేనని నమ్మించడానికి పుట్టాయి. 2013 డిసెంబరులో డోజ్‌కాయిన్ అదే 'కాయిన్' తోక తగిలించుకుని ఆ ధోరణినే ఆటపట్టించింది. 2015లో ప్రారంభమైన ఇథీరియం మాత్రం తనను నాణెమని చెప్పుకోకుండా, అంతటా వ్యాపించి ఉంటుందని ఒకప్పుడు భౌతికశాస్త్రం ఊహించిన ఈథర్ నుంచి పేరు తీసుకుని ప్రోగ్రాములు రాసేవాళ్లను పిలిచింది. 2020లో ఒక టోకెన్‌ను మరో టోకెన్‌గా మార్చుకునే వేదికలకు సుషీస్వాప్, ప్యాన్‌కేక్‌స్వాప్ అంటూ తిండి పేర్లు వచ్చాయి. ఈ చరిత్ర నీ వ్యాసంలో సగానికి పైగా ఆక్రమించింది. దాన్ని ఒక్క పేరాకు కుదించు.

నువ్వు రెండు వాక్యాల్లో దాటేసిన చైనీస్ పేర్ల దగ్గరే అసలు కథ ఉంది. చైనాలో 2014లో ఆంట్‌షేర్స్ అనే ప్రాజెక్టు మొదలైంది. సొంత భాషలో దాన్ని షియావ్ యీ, అంటే చిన్న చీమ, అనేవారు. 2017లో అది చీమను వదిలేసి, గ్రీకు మూలం గల నియో అనే పేరు పెట్టుకుంది. బయటి పెట్టుబడిదారుల ముందుకు వెళ్లాలంటే వాళ్ల నోట పలికే పేరు కావాలన్నది అప్పటి లెక్క. ట్రాన్ అనే క్రిప్టో నెట్‌వర్క్‌ను చైనీస్ వాడుకరులు బోచాంగ్ అంటారు, క్రిప్టో కొనుగోలు అమ్మకాలు జరిగే బైనాన్స్ ఎక్స్ఛేంజీని బియాన్ అంటారు. కానీ బయటికి కనిపించేది ఇంగ్లీషు పేరే. రేషన్ కార్డులో ఒక పేరు, ఇంట్లో ముద్దు పేరు ఉన్నట్టుగా సాగిన ఈ ఏర్పాటు 2025 అక్టోబరులో తలకిందులైంది. బైనాన్స్‌తో ముడిపడిన బీఎన్‌బీ చైన్ అనే బ్లాక్‌చెయిన్ మీద 'బియాన్ రెన్‌షెంగ్', అంటే బైనాన్స్ జీవితం, అనే మీమ్ టోకెన్ (ఇంటర్నెట్ చమత్కారం మీద నడిచే క్రిప్టో నాణెం) నాలుగు చైనీస్ అక్షరాలనే తన అసలు పేరుగా పెట్టుకుని వచ్చింది. కొద్ది రోజుల్లోనే దాని మార్కెట్ విలువ పది కోట్ల డాలర్లు దాటింది. దాని వెనకే చైనీస్ పేర్ల టోకెన్లు వెల్లువెత్తాయి.

మీమ్ టోకెన్‌కు పేరే సరుకు, దాని వెనక వేరే వస్తువేదీ ఉండదు. అంతవరకూ ఇంగ్లీషు హాస్యం అర్థం చేసుకోవడానికి చైనీస్ కొనుగోలుదారులు తంటాలు పడేవారు, ఇప్పుడు ఆ తంటా మిగతావారికి వచ్చింది. చమత్కారం ముందుగా అర్థమైనవాళ్లు ముందుగా కొంటారు, ఆలస్యంగా అర్థమైనవాళ్లు ఎక్కువ ధరకు కొంటారు. నీ వ్యాసానికి వెన్నెముక ఇదే కావాలి.

అయితే చైనీస్ పేరు కనబడగానే 'చైనా నాణెం' అని రాయవద్దు. కొత్త టోకెన్లు అమ్మి నిధులు సేకరించడాన్ని చైనా 2017 సెప్టెంబరులో నిషేధించింది. 2021 సెప్టెంబరులో క్రిప్టో వ్యాపార కార్యకలాపాలన్నీ చట్టవిరుద్ధమని అక్కడి కేంద్ర బ్యాంకు ప్రకటించింది. చైనీస్ చదివేవాళ్లు తైవాన్, హాంకాంగ్, సింగపూర్, మలేషియాలలోనూ లక్షలాదిగా ఉన్నారు. పేరును బట్టి అది ఎవరి కోసమో ఊహించవచ్చు గాని, ఎవరు పెట్టారో, ఎక్కడినుంచి పెట్టారో తేల్చలేము.

మొన్న మారతహళ్లిలో పీజీలో ఉండే మన తెలుగు కుర్రవాడొకడు ఇలాంటి టోకెన్ కొందామనుకుంటున్నానని ఫోన్ చూపించాడు. ఒకే నాలుగు అక్షరాల పేరుతో ఒకదాని కింద ఒకటిగా చాలా టోకెన్లు కనిపించాయి. ఆ అక్షరాల్లో ఒక్కటీ అతనికి చదవడం రాదు. ఏది అసలుదని అడిగితే పైనున్నదే అయి ఉంటుందన్నాడు. నాకు చాలా బాధ కలిగింది. టోకెన్ ప్రోగ్రాములో పేరు అనేది రాసినవాడు నింపే ఒక గడి మాత్రమే. అదే పేరు మరొకరు పెట్టుకోకుండా ఆపే నియమం ఏదీ లేదు. తేడా తెలిసేది కాంట్రాక్టు చిరునామాలోనే, అంటే బ్లాక్‌చెయిన్ మీద ఆ టోకెన్ ప్రోగ్రాము ఉండే చోటును చెప్పే గుర్తులోనే: 0ఎక్స్ తరువాత వచ్చే 40 అంకెలు, అక్షరాలు. ఈ సంగతి నీ వ్యాసం మొదటి పేరాలోనే ఉండాలి, ఎందుకంటే నీ పాఠకుల్లో అలాంటి కుర్రవాళ్లు ఉంటారు. మన దేశంలో లాభం మీద 30 శాతం పన్ను ఉందనీ, ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని మరో టోకెన్ లాభంలో తగ్గించుకునే వీలు లేదనీ అక్కడే చెప్పు.

మరొక్క మాట. ఆ గడిలో తెలుగు కూడా పడుతుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మామూలు చైనీస్ అక్షరానికి మూడు బైట్లు పట్టినట్టే, తెలుగు లిపిలోని ఒక్కో గుర్తుకూ మూడు బైట్లే పడతాయి. అచ్చ తెలుగు పేరుతో ఒక టోకెన్ వచ్చి, ఇది మనవాళ్లదేనన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే మనవాళ్లు ఎలా స్పందిస్తారో ఇప్పటినుంచే ఆలోచించి, దాని మీద ఒక పేరా చేర్చి తిరగరాసిన ప్రతి పంపించు. చైనీస్ పేర్లను తెలుగు లిపిలో రాసేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగును అనుసరించకుండా, ఆ భాష మాట్లాడేవాళ్ల ఉచ్చారణ విని రాయి.